హేవ్‌లాక్ సముద్రం కిందకి దిగాలంటే: అండమాన్ స్కూబా, ఫెర్రీలు, బీచ్‌ల మీద నా రివ్యూ

అండమాన్ ఎలా ఉంది, వెళ్లొచ్చా అని అడిగేవాళ్లందరికీ ఒకటే చెబుతున్నా. తప్పకుండా వెళ్లండి, కానీ ట్రావెల్ ఏజెంట్ చేతిలో పెట్టిన ప్యాకేజీకి ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. హైదరాబాద్‌లో అమ్మేదైనా వైజాగ్‌లో అమ్మేదైనా దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో సగం రోజులు, హేవ్‌లాక్ దీవిలో ఒక రాత్రి, నీల్ దీవిలో ఒక రాత్రి, మధ్యలో ‘స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం కిందకి దిగడం) ఉచితం’ అని ఒక ముక్క. హేవ్‌లాక్‌లో ఆ ఒక్క రాత్రిని మూడు నాలుగు చేసుకుని, ఆ ఉచితం ముక్కని తీసేయించి, మంచి డైవ్ షాపుని మనమే వెతుక్కుంటే డబ్బు కొంచెం ఎక్కువవుతుంది గానీ అసలు అండమాన్ అప్పుడే కనిపిస్తుంది. మేం అలాగే వెళ్లాం. అదే వారంలో మా అక్కావాళ్లు ప్యాకేజీలో వచ్చారు. అందుకే రెండు పద్ధతులూ పక్కపక్కన చూసి రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి, టికెట్లు బుక్ చేసేటప్పుడు పనికొస్తుంది. హేవ్‌లాక్‌ని 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. ఫెర్రీ టికెట్ మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి, అక్కడి జనం నోట్లో ఇంకా పాత పేర్లే ఉన్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నా. మొత్తం దీవులు, రాళ్లూ గుట్టలూ కలిపి, 800కు పైనే లెక్క చెబుతారు, మనుషులుండేవి మాత్రం ముప్పై పైచిలుకు. మనలాంటి టూరిస్టులు తిరిగేవి అందులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

పోర్ట్ బ్లెయిర్‌లో భాష గురించి టెన్షనే అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, ఊళ్లోని జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారుల పేటే ఉంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ కూడా ఉంది, కాకపోతే అరుదుగా తిరుగుతుంది, రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి సెలవు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లకి విమానమే దారి. మమ్మల్ని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్న డ్రైవర్ మా మాటలు వింటూ వింటూ వెనక్కి తిరిగి ‘ఏ ఊరండీ మనది?’ అన్నాడు. మా అమ్మకి అంతవరకూ ఉన్న బెరుకు అక్కడితో పోయింది, దారి పొడుగునా ఇద్దరూ చేపల ధరల గురించే మాట్లాడుకున్నారు. ఊళ్లో సెల్యులార్ జైలు మాత్రం వదలొద్దు. మధ్యలో ఒక కావలి బురుజు, దాని చుట్టూ ఏడు రెక్కలుగా 1906 నాటికి కట్టిన జైలు, ఇప్పుడు మిగిలినవి మూడు రెక్కలే. దానికి ఒక పూట చాలు, అది ఆఖరి రోజుకి పెట్టుకుని, దిగిన మర్నాడు పొద్దున్నే హేవ్‌లాక్ ఫెర్రీ ఎక్కేయండి.

ఫెర్రీల్లో రెండు రకాలు. ప్రైవేటువి ఏసీవి, వేగంగా పోతాయి, సుమారు గంటన్నర నుంచి రెండు గంటల్లో దింపేస్తాయి. ప్రభుత్వ బోటు కొంచెం నెమ్మది, కానీ చౌక, పైన డెక్ మీద నిలబడి గాలి పీల్చుకుంటూ వెళ్లొచ్చు, అదృష్టముంటే ఎగిరే చేపలు కనిపిస్తాయి. నాకు ప్రభుత్వ బోటే నచ్చింది, అయితే టికెట్ దొరకడం కష్టం, స్థానికుల అవసరాలకే ముందు వరస, అది న్యాయం కూడా. ప్రైవేటు ఫెర్రీలో అద్దాలు మూసేసి ఉంటాయి, కెరటం పెద్దగా ఉన్న రోజున లోపల సగం మంది కవర్లు పట్టుకుని కూర్చుంటారు. వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోండి, ఖాళీ కడుపుతో గానీ నిండు కడుపుతో గానీ ఎక్కొద్దు. నా ఫిర్యాదు ఒకటుంది. మేం ఎక్కాల్సిన ఫెర్రీ సమయం ముందు రాత్రి మార్చేసి ఒక మెసేజ్ పంపి ఊరుకున్నారు. మేమున్న దీవిలో మా ఫోన్లకి సిగ్నలే లేదు, హోటల్ ఆయన చెప్పబట్టి సరిపోయింది గానీ లేకపోతే జెట్టీలో కూర్చుని బోసిపోయిన సముద్రాన్ని చూసేవాళ్లం. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ చాలా మెరుగైందంటారు, పోర్ట్ బ్లెయిర్‌లో నిజమే, హేవ్‌లాక్‌లో మలుపు మలుపుకీ పోతుంది. కాబట్టి ఫెర్రీ సమయం ముందు రోజు సాయంత్రం హోటల్‌లో ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి.

ఇక అసలు విషయం, డైవింగ్.

ఈత రాకపోయినా దిగొచ్చా అని అందరూ అడుగుతారు. దిగొచ్చు. కోర్సు చేయనివాళ్లకి ఉండే ట్రై డైవ్‌లో 12 మీటర్లు మించి తీసుకెళ్లకూడదన్నది నియమం, ఒక ఇన్‌స్ట్రక్టర్ మన సిలిండర్ దగ్గరే పట్టుకుని నడిపిస్తాడు. పదేళ్లు నిండిన పిల్లలు కూడా దిగొచ్చు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి, ఫారంలో అన్నీ అడుగుతారు. దాచిపెట్టి దిగితే మీకే ప్రమాదం. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ రోజుకి ఆపేయండి, నీళ్ల ఒత్తిడికి చెవులు భరించలేవు.

హేవ్‌లాక్‌లో మొదటిసారి దిగేవాళ్లని ఎక్కువగా నీమో రీఫ్ అనే పగడపు దిబ్బకి తీసుకెళ్తారు, ఒడ్డు నుంచి నడిచి దిగే చోటు, అలలు తక్కువ, లోతు మెల్లగా పెరుగుతుంది. మేమూ అక్కడే దిగాం, మా బావా అక్కడే దిగాడు. సముద్రం ఒకటే, రీఫ్ ఒకటే. అయినా మేం చూసింది వేరు, ఆయన చూసింది వేరు.

మా షాపువాళ్లు పొద్దున ఆరున్నరకే రమ్మన్నారు. అక్కడ ఐదు దాటగానే తెల్లారిపోతుంది, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి, కాబట్టి ఆరున్నరంటే మన ఎనిమిదితో సమానం. మనిషికొక ఇన్‌స్ట్రక్టర్. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి నోటితో ఊపిరి తీసుకోవడం, మాస్క్‌లోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతే మళ్లీ పెట్టుకోవడం, ఇవన్నీ తొందర లేకుండా నేర్పించారు. సైగలు కూడా. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, నన్ను పైకి తీసుకెళ్లు అని అర్థం. ఇది మర్చిపోయి సంతోషం కొద్దీ బొటనవేలు చూపిస్తే నిజంగానే పైకి తేల్చేస్తారు. మా ఆవిడకి ఈత రాదు, మాస్క్ పెట్టగానే భయపడి రెండుసార్లు తీసేసింది. ఆ ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి విసుక్కోకుండా ‘మీకు ఇష్టమైతేనే వెళ్దాం, లేకపోతే ఇక్కడే చేపలు చూద్దాం’ అని హిందీలో చెప్పి, పావుగంట అక్కడే ఉండి, ఊపిరి కుదురుకున్నాకే లోపలికి తీసుకెళ్లింది. నేను ఈ షాపుకి ఐదు స్టార్లు ఇచ్చేది దీనికే. మిగతావన్నీ దీని తర్వాతే.

కిందకి వెళ్తుంటే ముందు చెవులు పట్టేస్తాయి. ముక్కు గట్టిగా మూసి మెల్లగా ఊదితే ‘టక్’మని తెరుచుకుంటాయి, ప్రతి మీటరుకీ అలా చేయాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. పది మీటర్ల దగ్గర మన మీద ఒత్తిడి ఒడ్డున ఉండేదానికి రెట్టింపు, కానీ శరీరానికి అది తెలియదు, చెవులకే తెలుస్తుంది. రంగులు మారిపోతాయి. నా చేతికి గుళ్లో కట్టిన ఎర్రదారం ఉంది, కిందకి వెళ్లేకొద్దీ అది ముదురు గోధుమ రంగులోకి తిరిగి, చివరికి నల్లగా కనిపించింది. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. టార్చ్ వెలుగు పడగానే మళ్లీ ఎర్రగా మెరిసింది. అక్కడే చాలాసేపు ఆ దారాన్నే చూస్తూ ఉండిపోయాను, ఇన్‌స్ట్రక్టర్ భుజం తట్టి ముందుకు చూపించేదాకా.

చూపించింది ఒక సీ అనెమొనీని, పువ్వులా కనిపించే సముద్ర జీవి. గాలికి ఊగే వరిమడిలాగా దాని వేళ్లన్నీ ఒకవైపే ఊగుతున్నాయి, వాటి మధ్య నారింజ రంగు క్లౌన్‌ఫిష్ జంట. దగ్గరికి వెళ్తే పారిపోవు. ఎదురొచ్చి మాస్క్ ముందు నిలబడి వెనక్కి వెళ్లమన్నట్టు చూస్తాయి. అనెమొనీ వేళ్లకి విషముంటుంది, ఆ చేపకి ఒంటి మీద జిగురు పొర ఉండబట్టి దానికేం కాదు, మిగతా చేపలు అటు రావు. ఇంకొంచెం ముందుకెళ్తే కరకరమని ఏదో నమిలే చప్పుడు. నీళ్లలో శబ్దం ఇంత స్పష్టంగా వినపడుతుందని నేను అనుకోలేదు. అది ప్యారట్‌ఫిష్, చిలక ముక్కులాంటి పళ్లతో పగడపు రాతి మీది పాచిని గీకి తింటోంది. రాయి కూడా పొట్టలోకి పోయి, మళ్లీ పొడిగా బయటికి వస్తుంది, ఒడ్డున మనం మురిసిపోయే తెల్ల ఇసకలో చాలా భాగం అలా తయారైందే.

పగడాల గురించి మాత్రం ఉన్నమాట చెప్పాలి. పోస్టర్లలో కనిపించే రంగురంగుల తోట నీమో రీఫ్‌లో ఆశించకండి. 2010లో, మళ్లీ 2016లో సముద్రం విపరీతంగా వేడెక్కి అండమాన్ పగడాలు చాలాచోట్ల తెల్లబడిపోయాయి. పగడం లోపల బతికే సన్నటి నాచు వేడికి బయటికి వెళ్లిపోతే రంగూ పోతుంది, తిండీ పోతుంది, నీళ్లు త్వరగా చల్లబడకపోతే పగడం చచ్చిపోతుంది. లోతు తక్కువ చోట్ల విరిగిన తెల్ల ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది. వాటి మధ్య నుంచే గోరంత కొత్త కొమ్మలు లేస్తున్నాయి కూడా. అందుకే కాళ్లు ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి, ఒక్క తన్నుకి ఏళ్ల తరబడి పెరిగింది విరిగిపోతుంది.

ఇప్పుడు మా బావ సంగతి. ప్యాకేజీవాళ్లు పది దాటాక తీసుకెళ్లారు, అప్పటికి ఒడ్డున తిరునాళ్లంత జనం. ‘లైన్లో గంట నిలబెట్టి, నీళ్లలో పావుగంట కూడా ఉంచలేదురా’ అన్నాడు. తడి డైవింగ్ సూట్ ముందు మనిషి విప్పింది విప్పినట్టే ఇచ్చారట. నేర్పింది ఐదు నిమిషాలు. లోపల ఇన్‌స్ట్రక్టర్ ఒక చేత్తో ఈయన్ని పట్టుకుని, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని ఫొటోలకి నిలబెట్టడమే సరిపోయింది, చేపలు దగ్గరికి రావడానికి బ్రెడ్ ముక్కలు చల్లారు, పగడం మీద చెయ్యి పెట్టి నవ్వమన్నారు. పేరు రాయను గానీ ఇలాంటివి అక్కడ ఒకటి రెండు కాదు. బ్రెడ్ తిన్న చేపలు పాచి తినడం లాంటి చేయాల్సిన పని మానేస్తాయి, పగడం తాకితే దెబ్బతింటుంది, ఈ రెండూ తెలిసినవాడు ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండి ఆ పని చేయకూడదు. నాకు నిజంగా కోపం వచ్చింది. మర్నాడు బావని మా షాపుకే తీసుకెళ్లి పడవ డైవ్‌కి ఎక్కించాం, బయటికి వచ్చి మాస్క్ తీయగానే ఆయన అన్నమాట ‘నిన్న నేను చేసింది ఏంటి మరి?’

ఆ పడవ డైవ్ లైట్‌హౌస్ అనే చోట. మేం వెళ్లినప్పుడు ఒడ్డు డైవ్‌కి మనిషికి నాలుగు వేల దగ్గర, పడవ డైవ్‌కి ఆరు వేల పైన తీసుకున్నారు. తేడాకి తగ్గ ఫలితం ఉంది, నీళ్లు ఇంకా తేట, చేపల గుంపులు పెద్దవి, రాతి సందులో లయన్‌ఫిష్ రెక్కలు విప్పుకుని కదలకుండా నిలబడి ఉంది. పడవలో సాయంగా ఉన్న కుర్రాడు తెలుగువాడే, పలాస వైపు నుంచి తాతల నాడు వచ్చారట. చూడ్డానికని మాతో వచ్చిన మా అమ్మని ‘అమ్మా, మీరు మధ్యలో కూకోండి, ఊపు తక్కువుంటాది’ అని కూర్చోబెట్టి, మేం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు చూపిస్తూ ఎవరు ఎక్కడున్నారో చెబుతూనే ఉన్నాడట. ఇంకా లోతుకి, జానీస్ గోర్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి పేరున్న చోట్లకి వెళ్లాలంటే కోర్సు చేసి ఉండాలి. ఓపెన్ వాటర్ కోర్సుకి మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల వరకూ అనుమతి వస్తుంది. సెలవు ఉన్న కుర్రకారు ట్రై డైవ్‌తో ఆగకుండా కోర్సే చేసేయండి, ఆ డబ్బుకి జీవితాంతం పనికొచ్చేది చేతికొస్తుంది.

బీచ్‌లు. రాధానగర్ గురించి ఎంత పొగిడినా అతిశయోక్తి కాదు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. వెనక ఎత్తైన అడవి, ముందు మెత్తటి ఇసక, సూర్యాస్తమయం ఎదురుగా. అయితే కుడివైపు చివర నీల్స్ కోవ్ అనే మడుగులాంటి చోట ఈతకి దిగొద్దు. 2010లో అక్కడ ఒక అమెరికన్ టూరిస్టుని మొసలి చంపేసింది. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే ఎందుకూ ఏమిటీ అని వాదించకుండా బయటికి రండి. తూర్పు వైపున్న కాలాపత్థర్‌కి తెల్లారకముందే వెళ్తే సూర్యోదయం, నల్లరాళ్లు, పాలపచ్చ నీళ్లు. ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో అందరూ పోతారు, అక్కడ జెట్‌స్కీల గోల, నాకు నచ్చలేదు. అడవి దారిన నడిచి వెళ్లే మార్గం మాత్రం బాగుంది. ఒడ్డున 2004 సునామీకి కూలిన మహావృక్షాలు ఎండిన వేళ్లతో అలాగే ఉన్నాయి. రిసార్టులు ఎక్కువున్న విజయ్‌నగర్ వైపు బీచ్ పాటు సమయంలో దూరంగా వెనక్కి పోయి రాళ్లు తేలుతుంది, అక్కడ గది తీసుకునేవాళ్లు పోటు ఎప్పుడో అడిగి ఈతకి దిగాలి.

నీల్ చిన్నది, నిదానమైనది, హేవ్‌లాక్ రద్దీ నచ్చనివాళ్లకి సరైనది. అక్కడ సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన పాటు ఉన్నప్పుడే చూడాలి, నీళ్లు తగ్గిన రాళ్ల గుంటల్లో దోసకాయల్లాంటి సీ కుకుంబర్లు, పీతలు, చిట్టి చేపలు మోకాళ్ల మీద కూర్చుని చూడొచ్చు. మా అమ్మకి మొత్తం ట్రిప్పులో నచ్చింది అదే. రబ్బరు అడుగున్న చెప్పులు తప్పనిసరి.

బారాతాంగ్ సున్నపురాయి గుహలకి వెళ్లాలా అంటే, నేను వెళ్లలేదు, వెళ్లను. ఆ దారి జరావా ఆదివాసుల అడవి మధ్యలోంచి పోతుంది, బళ్లని కాన్వాయ్‌గా పంపుతారు, ఆగడం, ఫొటోలు తీయడం నేరం. కొందరు ఏజెంట్లు ‘ఆదివాసులు కనిపిస్తారు’ అని గుసగుసగా అమ్ముతారు. అలా చెప్పే ఏజెంటుతో ఇంకే బేరమూ పెట్టుకోకండి.

తిండికి లోటు లేదు. హేవ్‌లాక్‌లో దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ కాబట్టి మూడో నంబర్ ఊరి బజారులో చేపల భోజనం ఆవనూనె వాసనతో వస్తుంది, మొదటి ముద్దకి కొత్తగా ఉంటుంది, రెండో రోజుకి అలవాటైపోతుంది. వంజరం దొరికితే వేయించమని అడగండి. రిసార్టుల్లో ఇవే చేపలకి మూడింతల ధర, రుచి తక్కువ. దీవిలో తిరగడానికి స్కూటీ అద్దెకి తీసుకోవడమే మేలు, ఆటోలు రాధానగర్ నుంచి సాయంత్రం వెనక్కి రావడానికి అడిగినంత అడుగుతారు.

డైవింగ్ కోసమే అయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి సమయం, సముద్రం శాంతంగా, నీళ్లు తేటగా ఉంటాయి. డిసెంబరు చివర జనం మీద జనం. ఇసకలో దొరికిన పగడం ముక్కలు బ్యాగులో వేసుకోకండి, పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో పట్టుకుంటారు.

డైవ్ షాపుకి డబ్బు కట్టేముందు అడగాల్సినవి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, నీళ్లలో కచ్చితంగా ఎంతసేపు ఉంచుతారు, పొద్దున మొదటి బ్యాచ్‌లో చోటుందా, భయపడి మధ్యలో ఆపేస్తే డబ్బు సంగతేంటి. సూటిగా జవాబు చెప్పకుండా ఫొటోలు, వీడియోలు ఫ్రీ అని మొదలుపెడితే పక్క షాపుకి నడవండి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి అంత టైం కావాలి. కాబట్టి హేవ్‌లాక్ రోజుల్ని ప్రయాణం మొదట్లోనే పెట్టుకుని, జైలూ షాపింగూ ఆఖరి రోజుకి వదిలేయండి.